రోటెన్‌బుర్గ్ కోట పట్టణం: పగలు చూసి వచ్చేయాలా, ఒక రాత్రి ఉండాలా?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. సెప్టెంబరులో మీ అమ్మగారు, నాన్నగారు విజయవాడ నుంచి మ్యూనిక్‌లో ఉన్న మీ దగ్గరికి వస్తున్నారు. వారికి పాతకాలపు కోట పట్టణం ఒకటి చూపించాలని మీరు బవేరియాలోని రోటెన్‌బుర్గ్‌ను ఎంచుకున్నారు. అయితే మీ సహోద్యోగి ఒకరు ‘అది యుద్ధం తర్వాత కట్టిన ఉత్తుత్తి ఊరు, క్రిస్మస్ బొమ్మల అంగడి తప్ప అక్కడ ఏమీ లేదు’ అన్నారు. అసలు వెళ్లదగినదేనా, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా, నాన్నగారి మోకాళ్లకు ఆ ఊరు పడుతుందా, శాకాహారులకు తిండి దొరుకుతుందా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే: తప్పకుండా వెళ్లండి, కానీ ఒక రాత్రి ఉండేలాగే వెళ్లండి, అదీ కోటగోడ లోపలే. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో చేరుకుని, మరునాడు పది, పదకొండు గంటలకు బయలుదేరితే ఆ ఊరిని చూడవలసిన వేళల్లో చూసినట్లు. ఒక్క పగలు మాత్రమే కేటాయించగలిగితే రోటెన్‌బుర్గ్‌ను మరో ఏడాదికి వాయిదా వేసి, మ్యూనిక్‌కు దగ్గరగా ఉన్న నోర్డ్‌లింగెన్‌కు వెళ్లండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను నూరెంబర్గ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. అక్కడి నుంచి రోటెన్‌బుర్గ్ రైలులో గంటంబావు, గంటన్నర దూరం కాబట్టి, ఇంటికి వచ్చిన చుట్టాలను తీసుకువెళ్లే బాధ్యత నామీదే పడుతుంది. ఇప్పటికి పదిహేనుసార్లయినా వెళ్లి ఉంటాను. అందులో మొదటి నాలుగైదుసార్లు నేనూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చినవాడినే. ఒక ఆగస్టు నెలలో మా నాన్నగారిని అలాగే తీసుకువెళ్లాను. పదకొండు గంటలకు నడిబజారులోకి వచ్చేసరికి ఏడెనిమిది బస్సుల జనం అక్కడే ఉన్నారు. ప్రతి గుంపు ముందూ ఒకరు గొడుగో జెండానో ఎత్తి పట్టుకుని నడుస్తున్నారు. ప్లోన్‌లైన్ అనే ప్రసిద్ధమైన మలుపు దగ్గర ఫొటో తీసుకోవడానికి వరుసలో నిలబడవలసి వచ్చింది. నాన్నగారు ఒక అరుగు చూసుకుని కూర్చుని, ‘మన ఏకశిలా తోరణం దగ్గర ఇంత జనం ఉండరు కదరా’ అన్నారు. మాది వరంగల్లు. ఆయన మాటలో మెప్పు ఉందో, ఎత్తిపొడుపు ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. మూడేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అదే ఊళ్లో ఒక రాత్రి ఉన్నాం. మరునాడు పొద్దున ఆరున్నరకు ఆయన నన్ను లేపకుండానే వెళ్లి కోటగోడ మీద సగం చుట్టు తిరిగి వచ్చారు. రెండు ప్రయాణాల్లో ఊరు ఒకటే, గోడ ఒకటే. తేడా అంతా వేళలోనే ఉంది.

దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, నూరెంబర్గ్‌ల నుంచి వచ్చే యాత్రా బస్సులన్నీ ఇంచుమించు పదింటికి చేరుకుని, నాలుగైదు గంటల మధ్య తిరుగుముఖం పడతాయి. మొత్తం మీద 11 వేల జనాభా ఉన్న పట్టణం అది. గోడ లోపలి పాత ఊరు అందులో ఒక చిన్న ముక్క. ఆ ఇరుకులోకి అన్ని వేల కాళ్లు ఒకేసారి దిగితే వీధులు వీధుల్లా ఉండవు. సాయంత్రం ఆరు దాటాక మాత్రం అదే వీధుల్లో గంట మోత వినబడుతుంది, ఎదురింటి కిటికీలో పూలకుండీకి నీళ్లు పోస్తున్న ముసలావిడ కనబడుతుంది, మీ అడుగుల చప్పుడు మీకే తిరిగి వినబడుతుంది.

ఇప్పుడు మీ సహోద్యోగి మాట సంగతి చూద్దాం. ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టి దాన్ని తోసిపారేయకూడదు. 1945 మార్చి 31న అమెరికన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ముప్పైమందికి పైగా చనిపోయారు. పాత ఊరిలో దాదాపు నలభై శాతం, ముఖ్యంగా తూర్పు భాగం కాలిపోయింది. ఆరు వందల మీటర్లకు మించి కోటగోడ, తొమ్మిది బురుజులు దెబ్బతిన్నాయి. మిగిలిన ఊరు కూడా ఏప్రిల్‌లో ఫిరంగులకు బలికావలసినదే. అప్పటి అమెరికా యుద్ధశాఖ సహాయమంత్రి జాన్ మెక్‌లాయ్‌కు ఈ ఊరి విలువ తల్లి ద్వారా చిన్నప్పటినుంచీ తెలుసు. ఆమె ఈ ఊరి చిత్రం ఒకటి ఇంటికి తెచ్చి పెట్టుకుంది. ఫిరంగులు పేల్చకుండా లొంగుబాటుకు మాట్లాడి చూడమని ఆయన చెప్పడంతో కొద్దిమంది సైనికులు తెల్లజెండాతో వెళ్లి మాట్లాడారు, ఊరు దక్కింది.

అంటే మీరు చూసేది రెండు ఊళ్లు. బజారుకు పడమటి వైపున్న విశాలమైన హెర్న్‌గాస్సె వీధి, సెయింట్ యాకోబ్ చర్చి, దక్షిణాన ఆస్పత్రి పేట, ప్లోన్‌లైన్ మలుపు చాలావరకు పాతవి. తూర్పున రోడర్ గుమ్మం నుంచి ఉత్తరంగా వెళ్లే భాగం చాలావరకు 1945 తర్వాత పాత వీధుల గీతలోనే, పాత కప్పుల వాలుతోనే తిరిగి కట్టినది. అచ్చు నకలు తీయలేదు. ముఖభాగాలు సాదాగా ఉంటాయి, కిటికీలు కొంచెం ఎక్కువ వరుసగా ఉంటాయి. ఒక అరగంట పరికించి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో మీ కంటికే తెలిసిపోతుంది, అది వెతకడం కూడా ఒక ఆనందమే. పైగా ఆ కొత్త గోడే నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం. గోడను తిరిగి కట్టడానికి డబ్బు లేక, ఊరివారు ప్రపంచమంతటి నుంచి విరాళాలు తీసుకుని, ఇచ్చినవారి పేర్లను రాళ్ల మీద చెక్కి గోడలోనే అమర్చారు. జర్మన్ పేర్లతో పాటు అమెరికా పేర్లు, జపాన్ పేర్లు కనబడతాయి. బాంబులు వేసిన దేశంవారే గోడకు రాళ్లు ఇచ్చారన్న సంగతి చదువుకుంటూ నడుస్తుంటే, దాన్ని ఉత్తుత్తి ఊరు అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంకొక మాట. ఆ బాంబులు పడేదాకా ఈ ఊరు చెక్కుచెదరకుండా నిలిచింది ఎవరో భద్రంగా కాపాడినందువల్ల కాదు, పేదరికం వల్ల. 1274లో హాబ్స్‌బుర్గ్ వంశపు రాజు మొదటి రుడాల్ఫ్ దీనికి స్వతంత్ర నగర ప్రతిపత్తి ఇచ్చాడు. అంటే చక్రవర్తికి తప్ప చుట్టుపక్కల జమీందార్లెవరికీ కప్పం కట్టనక్కర్లేదు. అదే కాలంలో మన ఓరుగల్లును రుద్రమదేవి ఏలుతోంది. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను ఆమె పూర్తి చేయించింది. 1400 ప్రాంతానికి రోటెన్‌బుర్గ్ ఆ చుట్టుపక్కల పేరున్న నగరం. తర్వాత ఐరోపాలో కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య జరిగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1631లో, కాథలిక్ పక్షపు సేనాని టిల్లీ దాన్ని పట్టుకుని దోచుకున్నాడు. 1634లో ప్లేగు వచ్చింది. అక్కడితో ఊరు లేవలేదు. వ్యాపారం వేరే దారులు పట్టింది, కొత్త ఇళ్లు కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది, పాత ఇళ్లు పడగొట్టే అవసరమూ రాలేదు. 1802లో బవేరియాలో కలిశాక అదొక మారుమూల ఊరిగా మిగిలిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో చిత్రకారులు వచ్చి చూసేదాకా దాని పాతదనానికి విలువ ఉందని అక్కడివారికే తెలియదు. ఈ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పి తీసుకువెళ్లండి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి గోడ చూడటంలో రుచి పెరుగుతుంది.

ముందు గోడ ఎక్కండి, తర్వాతే బజారు. చాలామంది స్టేషన్ నుంచి నేరుగా బజారుకు వెళ్లి, అక్కడే అలసిపోతారు. పాత ఊరి గోడ మీద, లోపలి వైపున, కర్రకప్పు వేసిన నడవ ఉంది. ఒకప్పుడు కావలివారు తిరిగిన దారి అది. దాదాపు రెండున్నర కిలోమీటర్లు దానిమీద నడవవచ్చు, టికెట్టు లేదు. ఒక పక్క బాణాలు, తుపాకులు పేల్చడానికి విడిచిన కంతలు, మరో పక్క చేతికందేంత దగ్గరలో ఎర్ర పెంకుల కప్పులు, పెరటి తోటలు, ఆరేసిన బట్టలు. పడమటి వైపున లోయ నిట్రంగా ఉండటం వల్ల అక్కడ గోడ ఉంది కానీ నడవ లేదు. ఉత్తరాన క్లింగెన్ గుమ్మం నుంచి తూర్పుగా తిరిగి దక్షిణాన ఆస్పత్రి బురుజు వైపు వెళ్లేదే అసలు నడక.

నాన్నగారి మోకాళ్ల గురించి నా అనుభవం ఇది. కష్టమంతా ఎక్కడంలో, దిగడంలోనే ఉంది. ఒక అంతస్తు ఎత్తున నిటారుగా ఉండే రాతిమెట్లు, కొన్ని చోట్ల అరిగిపోయి ఉంటాయి. పైకి చేరుకున్నాక దారి చాలావరకు సమంగానే ఉంటుంది. ప్రతి గుమ్మం దగ్గరా దిగే వీలుంది కాబట్టి పూర్తి చుట్టు తిరగనక్కర్లేదు. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే రోడర్ గుమ్మం దగ్గర ఎక్కి, ఉత్తరంగా ఒక గుమ్మం వరకు నడిచి దిగిపోతే ఇరవై నిమిషాల పని. విరాళాల రాళ్లు చాలావరకు ఈ వైపే ఉన్నాయి. దక్షిణంగా కొద్ది అడుగులు వేస్తే గెర్లాఖ్ కమ్మరి ఇల్లు గోడ మీద నుంచి చక్కగా కనబడుతుంది. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. నడవ ఇరుకు; ఎదురుగా మనిషి వస్తే పక్కకు ఒదగాలి. దూలాలు కిందికి ఉంటాయి. మా పెద్ద మేనమామ పొడగరి, కంతలోంచి బయటికి చూస్తూ నడిచి రెండుసార్లు తల బాదుకున్నాడు. వాన పడిన రోజున రాతిమెట్లు జారతాయి కాబట్టి అప్పుడు పెద్దవారిని ఎక్కించకండి.

టౌన్‌హాలు గోపురం సంగతి ఇంకా తేలిక: పెద్దవారిని ఎక్కించవద్దు. 220 మెట్లు, పైకి వెళ్లేకొద్దీ ఇరుకు, చివరిది నిచ్చెనలాగే ఉంటుంది. మీరొక్కరే ఎక్కి, వారిని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టండి. బజారులో అదే పక్కన నగర మండలి సభ్యుల పాత పానశాల మీద గడియారం ఉంది. గంట కొట్టగానే రెండు కిటికీలు తెరుచుకుంటాయి, ఒక దాంట్లో సేనాని టిల్లీ, మరోదాంట్లో మేయర్ నుష్ బొమ్మ వస్తాయి. మేయరు గారు చెంబెత్తి తాగుతారు. మూడుంబావు లీటర్ల ద్రాక్షసారాయి ఒక్క గుక్కలో తాగితే ఊరిని వదిలేస్తానని టిల్లీ పందెం వేశాడని, నుష్ తాగి ఊరిని కాపాడాడని కథ. అది కథే, 1881 నుంచి నాటకంగా వేస్తున్నారు, ఏటా పెంతెకొస్తు పండుగకు వేషాలతో ఊరంతా ఊరేగుతుంది. గడియారం కోసం అరగంట ముందు నుంచి వందలమంది మెడలెత్తి నిలబడతారు. అది రెండు నిమిషాల్లో అయిపోతుంది, ‘ఇంతేనా’ అన్న మాట అన్ని భాషల్లోనూ వినబడుతుంది. దానికోసం వేచి ఉండకండి, ఆ సమయానికి అటుగా పోతుంటే చూడండి.

వేచి చూడవలసింది సెయింట్ యాకోబ్ చర్చిలో ఉంది. చర్చి లోపల పడమటి చివర, మెట్లెక్కి వెళ్లే పై గదిలో టిల్మాన్ రీమెన్‌ష్నైడర్ చెక్కిన పవిత్ర రక్తపు పీఠం ఉంది. 1500 ప్రాంతంలో మొదలై 1505కల్లా పూర్తయింది. క్రీస్తు రక్తపు బొట్టుగా భక్తులు నమ్మిన దాన్ని స్ఫటికంలో పొదిగి ఉంచడానికి కట్టిన పీఠం అది. మామూలుగా అలాంటి కొయ్య శిల్పాలకు రంగులు, బంగారు పూత వేస్తారు. ఇక్కడ రంగుల్లేకుండా కొయ్యను కొయ్యగానే వదిలారు. కడపటి విందు దృశ్యంలో అందరికీ నడుమ నిలబడ్డది ఏసు కాదు, ద్రోహం చేసిన యూదా. వెనుక కిటికీల్లోంచి వెలుగు పడుతూ ఉంటే ముఖాల మీద నీడలు మారుతుంటాయి. కొద్దిపాటి ప్రవేశ రుసుము ఉంది. చాలామంది కింది భాగం మాత్రం చూసి వెళ్లిపోతారు. మీరు మెట్లు ఎక్కడం మరిచిపోకండి. చర్చిలో నేను అరగంటకు తక్కువ ఎప్పుడూ గడపలేదు.

మధ్యయుగపు నేరశిక్షల మ్యూజియం గురించి ఎప్పుడూ రెండు అభిప్రాయాలు ఉంటాయి. హింసించే పరికరాలు చూసి మా అత్తయ్య పావుగంటలో బయటికి వచ్చేసింది. నిజానికి అది చట్టాల చరిత్ర చెప్పే చోటు. చాడీలు చెప్పేవారికి తగిలించిన సిగ్గుముసుగులు, రొట్టె తూకంలో మోసం చేసిన రొట్టెలవాడిని నీళ్లలో ముంచిన పంజరం వంటివి చూస్తే ఆ రోజుల్లో పరువు అన్నది ఎంత పెద్ద శిక్షో అర్థమవుతుంది. మీ నాన్నగారికి నచ్చవచ్చు, అమ్మగారికి నచ్చకపోవచ్చు. లోపల మెట్లు చాలా ఉన్నాయి.

ఆ సమయంలో అమ్మగారిని మీ సహోద్యోగి తిట్టిన క్రిస్మస్ బొమ్మల అంగడికి పంపవచ్చు. ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. కొండపల్లి పక్కనే పుట్టి పెరిగిన వారికి కొయ్యబొమ్మ పనితనం తెలుసు కాబట్టి అమ్మగారు ఆసక్తిగా చూస్తారు, ధర చూసి చాలా బొమ్మలు అక్కడే పెట్టేస్తారు. మా ఇంట్లో అదే జరిగింది.

సాయంత్రం సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే రాత్రి ఉండమన్నది దీనికోసమే. సెప్టెంబరు మధ్యలో ఏడున్నర ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. ఆరున్నరకల్లా పడమటి చివర ఉన్న కోట తోటకు చేరుకోండి. ఊరి పేరుకు మూలమైన అసలు కోట అక్కడే ఉండేది. 1356లో వచ్చిన భూకంపంలో కూలిపోయింది. ఇప్పుడు చిన్న ప్రార్థనాలయం ఒకటి మాత్రం మిగిలింది, మిగతాదంతా చెట్లు, బెంచీలు. దారి చదునుగా ఉంటుంది, పెద్దవారికి ఇబ్బంది లేదు. కింద లోయలో టౌబర్ నది, రెండు వరుసల కమానులున్న పాత వంతెన, ఎదురుగా కొండ కొసన బురుజులతో ఊరి దక్షిణ భాగం కనబడతాయి. ఊరి పూర్తి పేరులోని ‘ఓప్ డేర్ టౌబర్’ అంటే టౌబర్ నదికి పైన, ఎత్తున అని అర్థం. ఆ పేరు ఎందుకు పెట్టారో ఆ బెంచీ మీద కూర్చుంటేనే తెలుస్తుంది. తోటలోకి పోయే గుమ్మాన్ని కూడా ఆగి చూడండి. పెద్ద తలుపులో ఒక మనిషి మాత్రం వంగి దూరగలిగే చిన్న తలుపు ఉంది. రాత్రి గుమ్మం మూశాక ఆలస్యంగా వచ్చినవారిని దాంట్లోంచే ఒక్కొక్కరిగా రానిచ్చేవారు. పైన గోడలో రాతిముఖం ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. ముట్టడి వేళ మరిగే తారు పోయడానికి అది.

ఎనిమిది గంటలకు బజారులో నల్ల అంగీ, బల్లెం, లాంతరు పట్టుకుని రాత్రి కావలివాడి వేషంలో ఒకరు వచ్చి ఇంగ్లీషులో ఊరంతా తిప్పి కథ చెబుతారు. ముందుగా బుక్ చేయనక్కర్లేదు, చివర్లో ఆయనకు డబ్బు ఇవ్వాలి. చలికాలం చివర్లో కొన్ని నెలలు ఉండదు కానీ సెప్టెంబరులో ఉంటుంది. గంట సేపు నడక, అక్కడక్కడ నిలబడాలి, కూర్చునే వీలుండదు. మా నాన్నగారికి ఇంగ్లీషు పూర్తిగా అందకపోయినా నేను పక్కన నిలబడి తెలుగులో చెబుతూ పోయాను, ఆ గంట ఆయనకు బాగా గుర్తుండిపోయింది.

ఆ నడకలో అంతగా చెప్పని ఒక సంగతిని నేను వెళ్లిన ప్రతిసారీ చుట్టాలకు చెబుతాను. ఉత్తరాన యూదుల వీధి అని ఉంది. పదమూడో శతాబ్దంలో మెయిర్ అనే గొప్ప రబ్బీ, అంటే యూదు మతగురువు, ఈ ఊళ్లో బోధించాడు; ఆయన దగ్గర చదువుకోవడానికి దూరప్రాంతాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. 1298లో యూదులను ఊచకోత కోశారు, 1520లో మిగిలినవారిని వెళ్లగొట్టారు. తిరిగి వచ్చి స్థిరపడినవారి సంతతిని 1938లో మళ్లీ వెళ్లగొట్టారు. ముచ్చటైన ఊరని చూస్తూ ఈ వీధిని దాటిపోతే సగం చరిత్రే చూసినట్లు.

మరునాడు పొద్దున ఏడింటికి లేచి ప్లోన్‌లైన్‌కు వెళ్లండి. ఒక దారి ఎత్తుకు, ఒక దారి పల్లానికి చీలుతుంది, రెండింటి చివరా ఒక్కో గోపురం, నడుమ వంగిన పసుపు ఇల్లు. పాలవాడి బండి తప్ప ఎవరూ ఉండరు. ఫొటోలు అప్పుడే తీసుకోండి.

ప్రయాణం. మ్యూనిక్ నుంచి ప్రాంతీయ రైళ్లలో మూడు, మూడున్నర గంటలు పడుతుంది, రెండు మూడుచోట్ల మారాలి. ఎటు నుంచి వచ్చినా చివరిసారి మారేది స్టైనాఖ్ అనే చిన్న స్టేషన్‌లో. అక్కడి నుంచి పావుగంట. మీ ముగ్గురికీ కలిపి బవేరియా టికెట్టు ఒకటి తీసుకోండి. ఐదుగురి వరకు ఒకే టికెట్టు మీద వెళ్లవచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అది ఉదయం తొమ్మిదింటి తర్వాతే చెల్లుతుంది. మధ్యాహ్నానికి చేరుకోవాలన్న మన పథకానికి అది సరిగ్గా సరిపోతుంది. అయితే అది ఒకరోజు టికెట్టే కాబట్టి తిరుగు ప్రయాణానికి మరొకటి కొనాలి. ఐసీఈ వంటి వేగపు రైళ్లు ఎక్కడానికి వీల్లేదు. మీకు జర్మనీ నెలవారీ పాస్ ఉంటే అది మీకు సరిపోతుంది, అమ్మగారికి, నాన్నగారికి ఇద్దరికీ బవేరియా టికెట్టు చాలు. కారులో వెళ్తే గోడ బయట పి1 నుంచి పి5 వరకు పార్కింగు స్థలాలు ఉన్నాయి. లోపలికి బండి తీసుకువెళ్లే ఆలోచన పెట్టుకోకండి.

తేదీ ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. సెప్టెంబరు మొదట్లో ఆ ఊరి స్వతంత్ర నగర ఉత్సవం జరుగుతుంది. చూడటానికి బాగుంటుంది కానీ గదులు దొరకవు. నెల మూడో వారం నుంచి మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు ఉత్సవం. శని, ఆదివారాల్లో రైళ్లలో నిలబడి ప్రయాణించవలసి వస్తుంది. ఆ రెండింటి మధ్య వారంలో మంగళ, బుధ వారాలు చూసుకుంటే మంచిది. గది బుక్ చేసేటప్పుడు లిఫ్టు ఉందా, లేకపోతే గది ఎన్నో అంతస్తులో ఉంది అని తప్పకుండా అడగండి. పాత కొయ్య ఇళ్లలో మెట్లు గోడ నడవ మెట్లకన్నా నిటారుగా ఉంటాయి. వీధులన్నీ రాళ్లు పరిచినవే కాబట్టి చక్రాల సూట్‌కేసు వద్దు, భుజాన వేసుకునే సంచీ చాలు. బూట్లు మెత్తని మడమవి వేసుకోమనండి.

తిండి. దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. జున్నుతో చేసే కేజె ష్పెట్స్‌లె మాంసం లేనిదే, కానీ అందులో గుడ్డు ఉంటుంది. పల్చటి రొట్టె మీద చేసే ఫ్లామ్‌కూఖెన్ మీద మామూలుగా పంది మాంసపు ముక్కలు వేస్తారు, కూరగాయలది విడిగా అడగాలి. అసలు ప్రమాదం సూపుల్లో ఉంది. పైకి చూస్తే దోసె ముక్కలు తేలుతున్న సాదా చారులా కనబడేది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేసింది. బంగాళాదుంపల సలాడ్‌లో కూడా ఆ నీళ్లే కలుపుతారు. ‘మాంసం లేదు’ అంటే చాలదు, చారు దేనితో చేశారో అడగండి. రాత్రిపూట వంటశాలలు తొందరగా మూసేస్తారు కాబట్టి కావలివాడి నడకకు ముందే భోంచేయండి. మేము డబ్బాలో పులిహోర పట్టుకుపోయి కోట తోటలో తింటాం; ఎవరూ ఏమీ అనరు, శుభ్రంగా ఉంచితే చాలు.

ప్రతి కిటికీలోనూ ష్నీబాలెన్ అనే గుండ్రటి పిండివంట కనబడుతుంది. పాకం పట్టని మడతకాజా అనుకోండి. పిండిలో గుడ్డు ఉంటుంది, చాలాచోట్ల కొంచెం పండ్లసారా కూడా వేస్తారు. చూడటానికి ఉన్న అందం నోట్లో ఉండదు. ముగ్గురికి ఒకటి కొనండి.

ఇక రాత్రి ఉండటం కుదరనే కుదరకపోతే నోర్డ్‌లింగెన్. మ్యూనిక్ నుంచి డోనౌవోర్త్‌లో మారి రెండు గంటల్లో చేరుకోవచ్చు. అక్కడ గోడ నడవ మీద ఊరంతా ఒక పూర్తి చుట్టు తిరగవచ్చు, 2.7 కిలోమీటర్లు. ఊరంతా ఒక ఉల్కాపాతపు గుంటలో ఉంది. దాదాపు ఒకటిన్నర కోటి ఏళ్ల కిందట పడిన ఉల్క అది. చంద్రుడి మీదికి వెళ్లే ముందు అపోలో 14 వ్యోమగాములు 1970లో రాళ్ల పరిశీలన నేర్చుకోవడానికి ఇక్కడికే వచ్చారు. బస్సుల జనం తక్కువ. అందంలో రోటెన్‌బుర్గ్‌కు ఒక మెట్టు తక్కువే, ఒప్పుకోవాలి, కానీ మిట్టమధ్యాహ్నం రోటెన్‌బుర్గ్‌కన్నా నాకు అదే నయం. రెండింటికీ మధ్య దారిలో ఉన్న డింకెల్స్‌బ్యూల్ కూడా గోడ ఉన్న ఊరే, కాకపోతే కారు ఉంటేనే వీలు.

చివరగా, టికెట్టు కొనేటప్పుడు స్టేషన్ పేరు పూర్తిగా చదవండి: ‘రోటెన్‌బుర్గ్ ఓప్ డేర్ టౌబర్’. జర్మనీలో ఇంచుమించు ఇదే పేరుతో ఇంకా నాలుగైదు ఊళ్లు ఉన్నాయి. ఒకటి స్టుట్‌గార్ట్ దగ్గర, ఒకటి పోలండ్ సరిహద్దులో, ఒకటి హాంబర్గ్‌కూ బ్రేమెన్‌కూ మధ్యన. మా బావమరిది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక్కడే వస్తూ ఫోనులో మొదట కనబడిన పేరు నొక్కాడు. నేను స్టైనాఖ్ స్టేషన్‌లో గంటసేపు చూశాక ఫోను చేశాడు: ‘బావా, హానోవర్ దాటింది. కొండే కనబడటం లేదు, ఇంక కోట ఎక్కడుంటుంది?’